కర్నూలు, కడప ప్రాంతాలలో సాగుభూమి మార్పుల ఉపగ్రహ పరిశీలన

రాయలసీమలోని కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలలో సాగుభూమి విస్తీర్ణం వర్షాన్ని బట్టి ఏటా మారుతూ ఉంటుంది. ఈ మార్పులను ఉపగ్రహ చిత్రాల ద్వారా గుర్తించవచ్చును. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2004-05 సంవత్సరం మొదలుకొని, రిసోర్స్‌శాట్ ఉపగ్రహపు 56 మీటర్ల చిత్రాలతో దేశమంతటికీ వార్షిక భూవినియోగ పటాలను రూపొందించింది.

పచ్చని పైరు ఎరుపు కాంతిని పీల్చుకొని, సమీప పరారుణ కిరణాలను అధికంగా పరావర్తనం చేస్తుంది. ఈ భేదమే గుర్తింపునకు ఆధారం. అయితే ఒక్క చిత్రాన్ని నమ్మరాదు. ఇక్కడి నల్లరేగడి నేలలను చాలామంది రైతులు ఖరీఫులో ఖాళీగా ఉంచి, అక్టోబరు, నవంబరు నెలలలో నేలలోని పదునుపై శనగ విత్తుతారు. ఆగస్టు చిత్రంలో బీడుగా తోచిన పొలమే డిసెంబరు చిత్రంలో పైరుతో కనిపిస్తుంది. కరవు అంచనాలో ఇది చిన్న పొరపాటు కాదు. పైగా ఖరీఫులో మేఘాలు అడ్డు వస్తాయి. అప్పుడు రాడార్ చిత్రాలే శరణ్యం.

గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వంటి మార్పులు మాత్రం ఏ ఋతువులో చూచినా ఒకే తీరున కనిపిస్తాయి.