ట్రైలర్లు లాగే వాహనాలు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో చట్టం

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ట్రైలర్ అనగానే గుర్తొచ్చేది ట్రాక్టర్ ట్రక్కే. మిర్చి బస్తాలు, పత్తి, గోదావరి ఇసుక, సారపాక కాగితం మిల్లుకు చేరే జామాయిల్ కర్ర దాని మీద వెళ్తుంటాయి. పికప్ వ్యానుకు ట్రైలర్ తగిలించడం అరుదు, రెండు తగిలించడం మరీ అరుదు. ఒకే ఇంజన్ వెనుక రెండు ట్రక్కులు చూడాలంటే మహారాష్ట్ర, కర్ణాటక చెరకు ప్రాంతాలకు పోవాలి. అయినా లాగేది ట్రాక్టరా, పికప్పా అన్నదాన్నిబట్టి ట్రైలర్ నిర్వచనం మారదు.

1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ‘ట్రైలర్ లేదా ట్రైలర్లు’ అనే అంటుంది. అంటే ఒకటికి మించి ఉండవచ్చన్న ఊహ అందులోనే ఉంది. ప్రతి ట్రైలర్‌కూ విడిగా రిజిస్ట్రేషన్ చేయించాలి. దాని నంబరు దాని పక్క భాగం మీద, లాగే బండి నంబరు చివరి ట్రైలర్ మీద కనబడాలి. తొట్టి వెనుక తలుపు మీద పెయింటుతో రాసిన ఆ నంబరు బురద కిందో, వేలాడే పట్టా కిందో దాగితే రాసి ఉన్నా లేనట్టే.

అలాగని రెండు ట్రైలర్లకు దేశమంతటా అనుమతి ఉందనుకోకూడదు. ఫలానా రోడ్డు మీద ట్రైలర్లే వద్దని 115వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. కేంద్ర నిబంధనల్లో వెడల్పు, పొడవులకు హద్దులున్నాయి. 25.25 మీటర్ల ‘రోడ్డు రైళ్ళ’కు 2020లో వీలు కల్పించినా అది ఎంపిక చేసిన మార్గాలకే. బరువు మించితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000. కంపెనీ ఇవ్వని కొక్కేన్ని వెల్డింగ్ షాపులో బిగిస్తే 52వ సెక్షన్ అడ్డొస్తుంది.

కోర్టు తీర్పుల్లో రెండు ముఖ్యం. ట్రాక్టరుకు ట్రైలర్ తగిలించినంత మాత్రాన డ్రైవరు లైసెన్సు చెల్లకుండా పోదని నాగశెట్టి కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాక్టర్-ట్రైలర్ జోడీ సరుకు రవాణా వాహనమే కాబట్టి పర్మిట్ కావాలని 2005లో నట్వర్ పారిఖ్ కేసులో తేల్చింది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ మినహాయింపు ఉంది కదా అని పికప్ యజమాని ధీమా పడవచ్చు. వెనుక ట్రైలర్ చేరాక ఆ ధీమా మీద ఆధారపడకపోవడమే మేలు.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక ఇక్కడ మరో చిక్కు మొదలైంది. భద్రాచలం దాటి చింతూరు దారి పట్టగానే ఎటపాక మండలం, అంటే రాష్ట్రం మారినట్టే. పర్మిట్ అవసరమైన బండికి 88వ సెక్షన్ ప్రకారం అవతలి రాష్ట్రపు కౌంటర్ సంతకమో, అక్కడ చెల్లే పర్మిటో ఉండాలి. కలప, తునికాకు వంటి అటవీ ఉత్పత్తులకు ఇవి చాలవు, రవాణా అనుమతి పత్రం వేరుగా కావాలి. 1967 అటవీ చట్టం 44వ సెక్షన్ కింద దొంగ కలపతోపాటు దాన్ని మోసిన వాహనాన్నీ జప్తు చేయవచ్చు.