వరద కెదురేగిన ఇద్దరు



పొరుగువారి ప్రాణముల కొరకు తమ ప్రాణముల నొడ్డిన ఇద్దరు గ్రామస్థులను ఈ మాసము జ్ఞాపకము చేసికొందము.

కెనడా దేశపు క్యుబెక్ రాష్ట్రములో షార్లెవ్వా అను కొండసీమ గలదు. అందలి సెయింట్ ఉర్బాన్ ఒక చిన్న గ్రామము. దాని ప్రక్కగా గూఫ్ర నది ప్రవహించి, దిగువనున్న బే సెయింట్ పాల్ పట్టణమునొద్ద సెయింట్ లారెన్స్ మహానదిలో కలియును. 2023 మే 1వ తేదీన, మంచు కరగు కాలములో, భారీ వర్షము తోడై ఆ నది పొంగెను. దారులు తెగెను, కొందరు ఇండ్లలో చిక్కుకొనిరి.

ఆ దేశమున అగ్నిమాపక సేవ చేయువారిలో అధికులు స్వచ్ఛంద సేవకులే. తమ బ్రతుకు తెరువు తాము చూచుకొనుచు, పిలుపు వచ్చినంతనే పని విడిచి పరుగెత్తుదురు. అట్టివారిద్దరు ఆ దినమున, నేలమీదను నీటిలోను నడచు బండి నెక్కి, చిక్కుకొన్నవారిని తెచ్చుటకు బయలుదేరిరి. ఒకరు 23 ఏండ్ల యువకుడు; మరియొకరు 55 ఏండ్ల పెద్ద. వడినీరు వారిని కొనిపోయెను. రెండు దినములకు వారి దేహములు దొరికెను.

వారిని వీరులని కొనియాడుట తగినదే. అయితే పొగడ్తతో మన ఋణము తీరదు. ఆ రక్షణకార్యమునకు ముందుగా తగిన ఏర్పాటు జరుగలేదనియు, ప్రవాహములో దిగి రక్షించు శిక్షణ వారికి లేదనియు తరువాతి విచారణలో తేలెను. ధైర్యము కొదువ కాలేదు; ధైర్యమునకు తోడుండవలసినది కొదువయ్యెను.

నీటి బలము కంటికి తెలియదు. 6 అంగుళముల వడినీరు నిలుచున్న మనుష్యుని పడద్రోయగలదు. 2 అడుగుల నీరు మోటారు బండిని తేల్చి కొనిపోగలదు. అందుచేతనే, మొదట ఒడ్డున నిలిచి కఱ్ఱ చాపుము, త్రాడు విసరుము, నీట దిగుట కడపటి మాట అని రక్షకులకు నేర్పుదురు.

గాయపడినవానిని ఆదుకొనిన సమరయుని తలంచుడి. అతనియొద్ద కనికరము మాత్రమే కాదు, గాయములకు నూనెయు ద్రాక్షారసమును, మోయుటకు వాహనమును, పూటకూళ్లవానికిచ్చుటకు రూకలును ఉండెను.

పిలిచినంతనే వచ్చువారు ప్రతి ఊరను కొందరుందురు. వారి చేతికి త్రాడును, ఒంటికి లైఫ్ జాకెట్టును, తగిన శిక్షణయు ముందుగా సమకూర్చుట వారిని పంపువారి విధి. చనిపోయినవారిని మనము నిజముగా జ్ఞాపకముంచుకొంటిమనుటకు, ఇకమీదట వెళ్లువారు ప్రాణములతో ఇల్లు చేరుటయే గురుతు.