గుడివాడకు ల్యాప్‌టాప్ వచ్చిన దారి

చవక కంప్యూటరు చరిత్ర ఎవరు రాసినా దావోస్‌తోనే మొదలుపెడతారు. 2005 లో నికొలాస్ నెగ్రోపాంటే నూరు డాలర్ల ల్యాప్‌టాప్‌ను ప్రకటించడం, 2006 లో భారత ప్రభుత్వం అది మాకక్కరలేదనడం, తీరా తయారయ్యేసరికి దాని ధర ఇంచుమించు రెట్టింపు కావడం అందరికీ తెలిసిన సంగతులే. ఈ కథను బందరు, గుడివాడ, దివిసీమల వైపు నుంచి చూస్తే మరోలా కనిపిస్తుందని నా అభిప్రాయం. ఇక్కడి మధ్యతరగతి ఇళ్ళకు ల్యాప్‌టాప్ వచ్చిన దారిలో నెగ్రోపాంటే తారసపడడు. (అంకోపరి అనాలా, ఒళ్ళోపెట్టె అనాలా అన్న చర్చ జోలికి నేను పోను. ఊళ్ళో అందరూ ల్యాప్‌టాప్ అనే అన్నారు.)

ఆ దారిని తెరిచింది ఒక కస్టమ్స్ ఉత్తర్వు. 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడు విదేశాల నుంచి వస్తూ ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చునని 2004 జనవరిలో కేంద్రం అనుమతించింది. గుడివాడ పరిసర గ్రామాల నుంచి అప్పటికే ఎందరో అమెరికా చేరి ఉన్నారు. ఆవకాయ వెళ్ళిన పెట్టెలోనే తిరుగు ప్రయాణంలో ల్యాప్‌టాప్ రావడం మొదలైంది. 1997 నాటి అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందం ప్రకారం 2005 కల్లా మామూలు దిగుమతి సుంకం కూడా సున్నా అయింది. అయినా నవంబరు నెలాఖరులో అమెరికా దుకాణాలు ఇచ్చే తగ్గింపు ధర ముందు విజయవాడ ధర నిలవలేదు. "వచ్చేటప్పుడు ఒకటి పట్రా నాయనా" అన్నది అప్పట్లో కుటుంబాలు వేసుకున్న బడ్జెట్టులో సగం.

అట్లా వచ్చిన యంత్రంలో కనపడని ఖర్చులుండేవి. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకొనేది కనుక ట్రాన్స్‌ఫార్మరు కొనే పని లేదు. కాని బల్లపరుపు పిన్నుల ప్లగ్గు మన సాకెట్టులో నిలబడదు. వారంటీ చాలావాటికి ఆ దేశంతోనే సరి. రెండేళ్ళకు బ్యాటరీ చస్తే మళ్ళీ ఎవరో ఒకరు విమానం ఎక్కవలసిందే.

అంత తక్కువ డబ్బుకు డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చు కదా అంటే, దానికి జవాబు కరెంటు దగ్గర ఉంది. విడిభాగాలు బిగించి ఇచ్చే డెస్క్‌టాప్ ఎప్పుడూ చవకే. దానికి యూపీఎస్ కలిపి, ఆ యూపీఎస్‌కు బ్యాటరీలు మార్చే ఖర్చు కూడా కలిపితే లెక్క తారుమారవుతుంది. 2012 నాటి కోతలు గుర్తున్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నాగాయలంక, కోడూరు వైపు మరో చిక్కు సముద్రపు గాలి. ఉప్పు తేమ లోహపు కొనలను తినేస్తుంది. అమ్మకపు కాగితాల మీద ప్రాసెసరు వేగం ఉంటుంది గాని ఈ సంగతి ఉండదు.

ధర చర్చల్లో ఎవరూ లెక్కవేయనిది తెలుగు. పాత విండోస్ 98 యంత్రం ఎంత చవకగా దొరికినా అందులో యూనికోడ్ తెలుగు సరిగా కనపడే మార్గం లేదు. ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉంది, కాని సంక్లిష్ట లిపుల అమరికను మనమే తెరవాలి. అందుకు అది సీడీ అడిగేది, చాలా ల్యాప్‌టాప్‌లతో ఆ సీడీ వచ్చేది కాదు. ఇంత ఖర్చు పెట్టి కొన్న యంత్రంలో మాతృభాష డబ్బాలు డబ్బాలుగా కనపడేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఖతులను ఉచితంగా ఇవ్వడం ఆ రోజుల్లో ఎంత ఉపకారమో, డబ్బు పెట్టి ఖతులు కొనలేనివారికే తెలుస్తుంది.

2007 లో ఏసుస్ వారి ఏడంగుళాల ఈ పీసీ, ఆ వెంటనే 2008 లో 13,990 రూపాయలకు హెచ్‌సీఎల్ మైలీప్ వచ్చి మాయమయ్యాయి. 2011 అక్టోబరు 5 న ఢిల్లీలో కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఆకాశ్ పలక కథ వేరు. డేటావిండ్ సంస్థ ప్రభుత్వానికి సుమారు 2,276 రూపాయలకు ఒప్పుకున్న ఆ పలకలను కూర్చింది మన హైదరాబాదులోనే. 256 ఎంబీల జ్ఞాపకశక్తి, గట్టిగా నొక్కితే గాని పలకని తెర, స్వతహాగా తెలుగు రాని ఆండ్రాయిడ్ 2.2. తెలుగు నేల మీద బిగించిన యంత్రానికి తెలుగు రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రభుత్వ ప్రయత్నాల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొనేది ఒకటే. 2008 లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అనగా నూజివీడు ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కుల మీద చేర్చుకున్న పల్లెటూరి పిల్లలకు తొలి ఏళ్ళలో తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు, పాఠాలు కూడా అందులోనే ఇచ్చారు. యంత్రంతోబాటు దానితో చేయవలసిన పని కూడా చేతికి వచ్చింది. 2021 లో అమ్మఒడి సొమ్ముకు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చునని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినప్పుడు ఎన్ని ఇళ్ళల్లో ఆశ పుట్టిందో! పదిహేను వేలలో అది తెమలలేదు, మాట వెనక్కిపోయింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబు మీద చదవవచ్చు గాని, కీబోర్డు లేకుండా నాలుగు పేజీల తెలుగు రాయమంటే కష్టమే.

ఇక ఇవాళ్టి సంగతి. పాతిక వేలు దాటకూడదనుకునే ఇంటికి కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వంటివే నయమంటాను. ఆ ధరకు వచ్చే కొత్తవాటిలో చాలామటుకు జ్ఞాపకశక్తిని బోర్డుకే అతికిస్తున్నారు, పెంచుకొనే వీలు ఉండదు. బందరు చిలకలపూడి వారికి పైపూత చూసి లోపలి లోహాన్ని అంచనా వేయడం వేరే నేర్పనక్కరలేదు. వారి రోల్డుగోల్డు వ్యాపారమే దాని మీద నడిచింది. పాత ల్యాప్‌టాప్‌కూ అదే చూపు కావాలి.

2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కు ఉచిత మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువాటిని, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కాబట్టి ఏడో తరం యంత్రాలు ఇప్పుడు అంగట్లో బాగా చవక. లినక్సు వేసుకొని, అందులోనే తెలుగు రాసుకొనేవారికి అంతకుమించిన బేరం లేదు. విండోసే కావాలనే పిల్లవాడికి మాత్రం అది మోసం. దుకాణంవారు "ఐ5 అండీ" అని ఊరుకుంటారు. ఆ ఐ5 తరువాత వచ్చే అంకెలు 7 తో మొదలవుతున్నాయా, 8 తోనా అన్నది డబ్బు తీసే ముందే చూసుకోవాలి.