గురువు దూరమైనచోట వలయ నడక

గురువు లేని విద్య గ్రుడ్డి విద్య యని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని గురువు సమీపమున లేనిచో విద్యను ఆరంభింపనే కూడదా? చైనాదేశపు వలయ నడక చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

తావో మతమున ఛ్వాన్‌జెన్ అను యతి సంప్రదాయమును 12వ శతాబ్దిలో వాంగ్ చోంగ్‌యాంగ్ నెలకొల్పెను. ఆయన శిష్యుడగు ఛ్యూ ఛూజీ, 1222లో హిందూకుష్ పర్వత ప్రాంతము వఱకు ప్రయాణము చేసి, చెంగీజ్ ఖానును కలిసికొన్న వృద్ధ యతి. ఆయనను మూలపురుషునిగా చెప్పుకొను లోంగ్‌మెన్ శాఖవారిలో, మంత్రము జపించుచు వలయాకారముగ నడచు సాధన యొకటి యుండెడిది. చంచలమైన మనస్సును పాదముల లయకు కట్టివేయుటయే దాని యుద్దేశము.

19వ శతాబ్దిలో హెబెయ్ రాష్ట్రమునకు చెందిన దోంగ్ హైచ్వాన్ అను నాతడు పెకింగు నగరమున, సూ రాజకుమారుని గృహమున కొలువు చేయుచు, వలయమున నడచుటయే మూలముగా గల మల్లవిద్యను బోధించెను. దానికి బాగ్వాజాంగ్ అని పేరు. బాగ్వా యనగా 'యీజింగ్' గ్రంథమునందలి ఎనిమిది త్రిరేఖా చిహ్నములు; జాంగ్ అనగా అరచేయి. దోంగ్ దీనిని కొండలలో నొక యతివలన పొందెనని కథలు కలవు. 1980వ దశకమున కాంగ్ గెవూ అను చైనా పరిశోధకుడు, దోంగ్ తాను నేర్చిన మల్లవిద్యలకు లోంగ్‌మెన్ యతుల వలయ నడకను జోడించి దీనిని రూపొందించెనని నిర్ణయించెను.

మన ప్రదక్షిణము ఇట స్ఫురింపక మానదు. కాని ప్రదక్షిణమున పూజ్యవస్తువును కుడివైపున నుంచుకొని యొక్క దిక్కుననే తిరుగుదుము. బాగ్వాజాంగ్‌లో రెండు దిక్కులకును సమముగా తిరుగవలెను.

దోంగ్ 1882లో మరణించెను. ఆయన శిష్యులు పలువురు అంతకుముందే వేఱు విద్యలు నేర్చినవారు. యిన్ ఫూ, కండ్లజోళ్ల వర్తకుడైన చెంగ్ తింగ్‌హ్వా వారిలో ముఖ్యులు. ఎవరికి తగినట్లు వారికి గురువు బోధించుటచే శాఖలు వేఱైనవి. కావున నేడు రెండు గ్రంథములను చదివి, పాదము మోపు విధమున భేదము గాంచి కలవరపడనక్కఱలేదు. అది పొరపాటు కాదు, శాఖాభేదము. ఒక్క శాఖను పట్టుకొనుటయే ఆరంభకునకు క్షేమము.

1900లో విదేశ సైన్యములు పెకింగును ఆక్రమించినప్పుడు చెంగ్ తింగ్‌హ్వా వారి చేతులలో మరణించెను. మనుష్యుని దేహమందే నిలిచిన విద్య యెంత సులభముగా నశింపగలదో దీనివలన తెలియుచున్నది. ఆయన శిష్యుడు సున్ లూతాంగ్ 1916లో ఈ విద్యపై గ్రంథము వ్రాసి, తన ఛాయాచిత్రములతో ప్రకటించెను. గురుముఖమునకు దూరమైనవారికి అది యొక యాధారమయ్యెను. 1966 మొదలు సాంస్కృతిక విప్లవ కాలమున తావో మఠములు మూతపడి, యతులు చెదరిపోయిరి. అట్టి యెడబాటు కాలములలో గ్రంథముల విలువ మఱింత తేటపడును.

అయినను గ్రంథము మన మోకాలిని చూడజాలదు. కావున ఒంటరిగా ఆరంభించువారు కొలదిపాటితో తృప్తి పొందవలెను. సుమారు ఎనిమిది అడుగులలో ముగియు వలయమును గీచుకొని, మోకాళ్లను ఎక్కువగ వంపక, మెల్లగా నడువవలెను. లోపలి పాదము తిన్నగాను, వెలుపలి పాదము కొంచెము లోనికి తిరిగియు నుండవలెను. శ్వాసను బంధింపరాదు. నొప్పి కలిగినను, తల తిరిగినను వెంటనే ఆపవలెను. లోతైన ప్రాణసాధనలను మాత్రము గురువు సన్నిధికే విడువవలెను. సంవత్సరమున కొక్కమాఱైనను ఎఱిగినవాని యెదుట నడచి తప్పులు దిద్దుకొన్నచో, మిగిలిన దినముల శ్రమ వృథా కాదు.

దోంగ్ తన శిష్యులకు వారు నేర్చియున్న దానినుండియే దారి చూపెను. ప్రతిదినము తిన్నగా నడచుటనైన నేర్చి వచ్చిన శిష్యుని దిద్దుట గురువునకు సులభము. గురువు కొఱకు వేచియుండు కాలమును ఆ నడకతో నింపుకొనుటయే ఉచితమని మా అభిప్రాయము.