పాలపిట్టకు బియ్యము

కొన్ని సంవత్సరములకు పూర్వము విజయదశమి గడచిన మఱునాటి ఉదయమున, భీమ్‌గల్‌లో మా వీథి చివరి యింటి బాలుడొకడు అంగీ మడతలో నేదియో దాచుకొని మా వాకిటికి వచ్చెను. విప్పి చూడగా పాలపిట్ట. "సార్, సూపెట్టెటోడు ఇడిసిపెట్టి పోయిండు. ఎగురుత లేదు" అని వాడు చెప్పెను.

ఆ చూపించువానిని నేనెఱుగుదును. ముందునాటి సాయంకాలము జమ్మిచెట్టు నుండి మరలివచ్చు త్రోవలో నతడు తీగెల పంజరము పట్టుకొని నిలిచియుండెను. దసరానాడు పాలపిట్టను చూచినవారికి జయము కలుగునని మన తెలంగాణములో నమ్మకము. రావణునిపై దండెత్తిపోవు రామునకు ఈ పక్షి కనబడెననియు, అజ్ఞాతవాసము ముగిసిన పాండవులకు కనబడెననియు పెద్దలు చెప్పుదురు. ఇంటిల్లిపాదియు చేతులు జోడించి పంజరమునకు నమస్కరించితిమి. అతని చేతిలో పదిరూపాయల కాగితము పెట్టినవారిలో నేనును ఒకడను. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. కాని వ్రాయకున్న తరువాతి కథకు మొదలుండదు.

పక్షి రెక్కల యీకలు కత్తెరతో సమముగా కత్తిరింపబడియుండెను. ఱొమ్ముమీది మెత్తని యీకలు పట్టుడు జిగురుతో ముద్దగట్టియుండెను. కాలికి కట్టిన దారము చర్మమును కోసినది. మా అమ్మ వంటింటి నుండి నూకలు తెచ్చి పళ్లెములో పోసెను. నేను పూజాపాత్ర నుండి ఉద్ధరిణె తీసికొని, ముక్కు తెఱచి నీళ్లు పోసితిని. పిల్లలు దినమంతయు చుట్టు చేరి చూచిరి. మూడవ నాటి తెల్లవాఱుజామున పక్షి చచ్చియుండెను. నూకలు పోసినవి పోసినట్లే యున్నవి.

పాలపిట్ట బియ్యము తినదు. మిడుతలు, పురుగులు, కీచుఱాళ్లు, పేడపురుగులు, అప్పుడప్పుడు చిన్న కప్పలు, బల్లులు దాని యాహారము. మా ప్రాంతపు పసుపు చేలమీది కరెంటు తీగెలపై కదలక కూర్చుండి, నేలమీద పురుగు మెదలినంతనే నీలపు రెక్కలు విప్పి దూకుట ఎవరు చూడలేదు? నేనును చిన్ననాటి నుండి చూచుచునే యున్నాను. అమరసింహుడు దీనికి చాషమనియు, కికీదివి యనియు పేర్లు చెప్పెనని తరగతిలో చెప్పగలవాడను. పేరు తెలిసినవానికి కూడు తెలియలేదు. ఆ లజ్జ వలననే, మనవారు పక్షులను పూజించిన చరిత్రతోబాటు పోషించిన చరిత్రను గూడ కొంత వెదకితిని.

పూజయొక్క చరిత్ర చాల ప్రాచీనము. ఋగ్వేదము పదియవ మండలములో ఓషధులను స్తుతించు సూక్తమొకటి కలదు. అందులో ఋషి రోగమును, చాషముతో, కికీదివితో గూడి యెగిరిపొమ్మని కోరుచున్నాడు. వ్యాధిని మోసికొనిపోవలసిన పక్షిని మనము వ్యాధిగ్రస్తముగా జేసి పంజరములో పెట్టి చూపుచున్నామన్నమాట. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునములను గూర్చి అధ్యాయములే వ్రాసెను. శకునములు నమ్మవలెనని నేననను. కాని ఆ శాస్త్రము యొక్క పద్ధతిని గమనింపుడు. పక్షి ఏ దిక్కున నున్నది, ఎటు పోవుచున్నది, ఏ చోట వ్రాలినది, ఎట్లు కూసినది అనునవియే దానికి ఆధారములు. అనగా పక్షి తన యిచ్ఛచే సంచరింపవలెను. పంజరములోని దానికి దిక్కేది? గమనమేది? నమ్మువాడు సైతము ఈ పదిరూపాయల దర్శనమును శకునమని చెప్పజాలడు.

పూర్వము మా తాతల కాలమున దసరానాడు ఊరివారు పొలిమేర దాటి చేల గట్లమీదికి పోయి పాలపిట్టకొఱకు చూచెడివారు. కనబడిన కనబడినట్లు, లేకున్న లేనట్లు. నగరములు పెరిగి, చెట్లు తఱిగి, జనులకు తీరిక లేకపోయినప్పుడు పక్షియే యింటికి రావలసివచ్చెను. వచ్చుటకు దారి జిగురు పూసిన పుల్ల.

ఈ పక్షికి కీడు చేసినది మన పండుగ యొక్కటే కాదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఐరోపా స్త్రీల టోపీలకు రంగురంగుల యీకలు పెట్టుట నాగరికతగా నుండెను. ఆ వ్యాపారమునకై హిందూదేశము నుండి కొంగల యీకలు, పాలపిట్టల రెక్కలు ఓడలకెత్తింపబడెను. 1902వ సంవత్సరమున ప్రభుత్వమువారు పక్షుల చర్మములు, ఈకలు ఎగుమతి చేయుటను నిషేధించిరి. అంతకు పూర్వము 1887లో వచ్చిన చట్టము పక్షులు పిల్లలు చేయు కాలమున మాత్రము, అదియు పురపాలక సంఘములు, దండు ప్రదేశములలో మాత్రము వర్తించెడిది. 1912లో మఱియొక చట్టము వచ్చెను. ఇవియన్నియు చంపుటను గూర్చినవి. గాయపడి చేత చిక్కిన పక్షిని ఏమి చేయవలెనో చట్టములు చెప్పవు.

దానిని చెప్పినది దయ. కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనము లిప్పటికిని ఉన్నవి. వానిలో రెండవదానియందు మనుష్యులకును పశువులకును రెండు విధముల చికిత్సలు ఏర్పాటు చేసితిననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు ఆ రాజు చెప్పుకొనెను. పట్టాభిషిక్తుడైన యిరువదియాఱేండ్లకు వేయించిన స్తంభశాసనములో, చంపగూడని ప్రాణుల పట్టిక వ్రాయించి, చిలుకలను, గోరువంకలను, చక్రవాకములను, హంసలను, పావురములను పేర్కొనెను. పాలపిట్ట పేరు నాకు కనబడలేదు గాని, పట్టిక వ్రాయవలెనను బుద్ధి ఆ కాలముననే పుట్టెను.

గుజరాతులో జైనులు, వణిజులు ఈ దయను ఇంటికప్పు క్రిందికి తెచ్చిరి. 1623లో పియెత్రో దెల్లా వల్లే యను ఇటలీ యాత్రికుడు ఖంబాయతు పట్టణములో పక్షుల ఆసుపత్రిని చూచి వర్ణించెను. రోగముతో నున్నవి, కుంటివి, జోడు పోగొట్టుకొన్నవి యన్నియు నచట నుండెనట. స్వస్థత చెందిన యడవిపక్షులను విడిచిపెట్టుదురు. పెంపుడువానిని దయగల గృహస్థుల కిత్తురు. అతడు చూచిన వానిలో నాకు మఱపురానిది మఱియొకటి. తల్లిదండ్రులు లేని చిన్న ఎలుకపిల్లలను ప్రత్తితో నింపిన పెట్టెలో నుంచి, తెల్లని గడ్డముగల వృద్ధుడొకడు ముక్కుమీద కండ్లజోడుతో వంగి, పక్షియీకతో పాలు త్రాగించుచుండెనట. విదేశీయుడు వింతగా వ్రాసినాడు గాని, అందులో వైద్యుని నేర్పున్నది. వెచ్చదనమునకు ప్రత్తి, చిన్నినోటికి తగిన యీక, చూపు చాలని వానికి కండ్లజోడు. నా ఉద్ధరిణెను తలచుకొనగా ఆ వృద్ధుని యెదుట విద్యార్థిగా కూర్చుండవలెనని తోచినది. పాలు ఎలుకపిల్లకు సరిపడును, పక్షికి సరిపడవు. అది వేఱుమాట.

ఆ సంప్రదాయమే 1929లో ఢిల్లీలో జైనుల పక్షిచికిత్సాలయమై, తరువాత ఎఱ్ఱకోట కెదుటి లాల్ మందిరపు ఆవరణలో చేరినది. వేలకొలది పావురములు, చిలుకలు అచట బ్రతికి బయటపడినవి. అయితే అచటి యాహారము శాకమే. గ్రద్దలు, డేగలు మొదలగు మాంసాహారులను లోపల నుంచక, గాయమునకు మందు వేసి పంపివేయుట వారి యాచారము. దీనిని నేను నిందింపను. వారు తమ వ్రతమునకు హద్దేదో తెలిసికొని, ఆ హద్దు దాటిన పక్షిని ఆకలికి కట్టివేయక పంపుచున్నారు. మా యింట నట్టి తెలివి లేకపోయెను. జీవహింస యని పురుగును చేత పట్టుటకు సంకోచించు కొంపలో పురుగులు తిను పక్షిని మూడు దినములు నిలిపితిమి.

అజ్ఞానము పల్లెటూరి బడిపంతులకే పరిమితమనుకొనవలదు. మన తెలుగుదేశపు కలివికోడి కథ వినుడు. 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన ఈ పక్షి 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన తరువాత ఎవరికిని చిక్కలేదు, నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె సమీపమున నొక స్థానికుడు రాత్రివేళ దానిని సజీవముగా పట్టుకొనెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారి యన్వేషణము ఫలించినది. దేశమంతయు నానందించెను. పక్షి మాత్రము కొలది దినములలో మరణించెను. ఎనుబదియాఱేండ్లు ప్రపంచమునకు దూరమైన ప్రాణి యేమి తినునో, ఏ చోట నిదురించునో అప్పటికి చెప్పగల వారెవ్వరు? చెదలు, చీమలు దాని యాహారములో నున్నవని తరువాతి పరిశోధనములలో తేలినది. ఆ పక్షికొఱకు 1988లో లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. చచ్చిన యొక పక్షి వలన బ్రతికియున్నవానికి అడవి దొరకినది.

ఇక పాలపిట్ట విషయము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుటయు, బంధించుటయు, అమ్ముటయు నేరము. 1991 నాటి సవరణతో దేశీయ పక్షుల వ్యాపారమునకు దారులు మూసిరి. 2014లో తెలంగాణము ఏర్పడగా ఈ పక్షినే రాష్ట్రపక్షిగా నెన్నుకొనిరి. దసరా ముందు నగరములలో అటవీశాఖవారు, జీవకారుణ్య సంఘములవారు పంజరములను పట్టుకొనుట వార్తలలో చదువుచునే యుందుము. కొందఱు పుణ్యాత్ములు పక్షిని కొని, అచటనే విడిచి సంతోషింతురు. అమ్మువానికి గిరాకియే గాని శిక్ష గాదు. పైగా కత్తిరించిన యీక వెంటనే పెరుగదు. పాత యీక రాలి క్రొత్తది మొలచువఱకు, అనగా నెలలకొలది, ఆ పక్షి యెగురజాలదు. గాలిలోని కెగురవేసిన పాలపిట్ట కంచెకవతల పిల్లి నోట పడుటకే పోవును.

మా యింటి పక్షి చచ్చిన తరువాత పశువైద్యులను, అడవిశాఖ యుద్యోగులను, పక్షులను చూచు మిత్రులను అడిగి తెలిసికొన్నవి కొన్ని కలవు. పక్షి నాలుక వెనుకనే ఊపిరిగొట్టపు ద్వార మున్నది. ముక్కు తెఱచి పోసిన నీరు ఊపిరితిత్తులలోనికే పోవచ్చును. మా పాలపిట్టను చంపినది ఆకలియో నా ఉద్ధరిణెయో నేటికిని చెప్పలేను. గాయపడిన పక్షికి మొదట కావలసినది తిండి కాదు. గాలియాడు రంధ్రములుగల అట్టపెట్టె, అడుగున గుడ్డ, చీకటి, వెచ్చదనము, నిశ్శబ్దము. చుట్టుచేరి చూచు పిల్లల కన్నులు దానికి పులికన్నులు. చల్లబడిన శరీరమునకు తిండి పెట్టిన జీర్ణము కాదు. పిదప సాధ్యమైనంత త్వరగా దానిని వైద్యమెఱిగినవారికి, అడవిశాఖవారికి అప్పగింపవలెను. మూడు దినములుంచుకొనుట చట్టము దృష్టిలో గూడ తప్పే.

పిల్లల మాట మఱియొకటి. ఈకలు నిండి, తోక పొట్టిగా నుండి, నేలమీద గంతులు వేయు పక్షిపిల్ల యనాథ కాదు. అది ఎగురుట నేర్చుకొనుచున్నది. తల్లి దగ్గఱలోనే యుండును. కొమ్మమీద నుంచి మనము తొలగిపోవుటయే సేవ. ఈకలులేని గ్రుడ్డిపిల్ల పడినప్పుడు మాత్రము గూటిలో పెట్టవలెను.

ఈ విద్యకు పరీక్ష త్వరలోనే వచ్చినది. మఱుసటి వేసవిలో గాలిదుమారమునకు లింబాద్రిగుట్ట త్రోవలో నొక మోడు తాడిచెట్టు విఱిగిపడెను. దాని తొఱ్ఱలో పాలపిట్ట పిల్లలు మూడు. ఒకటి నలిగి చచ్చినది. రెండు బ్రతికియున్నవి, ముండ్లవలె ఈకలు అప్పుడప్పుడే పొడచూపుచుండెను. తల్లిదండ్రులు పైన కఱకుగా అఱచుచు తిరుగుచుండెను. ఆ బాలుడే మరల పరుగెత్తివచ్చి నాకు చెప్పెను. ఈమారు వాడు పక్షిని తేలేదు.

కల్లుగీయు గౌడన్న నొకరిని బతిమాలితిని. తొఱ్ఱ యున్న ముక్కను రంపముతో కోసి, అడుగు పలకతో మూసి, ఎండుగడ్డి వేసి, పిల్లల నందుంచి ప్రక్క తాడిమీద కట్టవలెనని నా యూహ. ఆయన మోకు సవరించుకొనుచు సందేహించెను. "సారూ, మనిషి చెయ్యి తగిల్తె తల్లి మల్ల రాదంటరు గద?" అనెను. పక్షులు మన చేతి వాసనకు పిల్లలను విడుచునవి కావు, కూత విన్నచోటికి వచ్చును అని చెప్పితిని. చెప్పితినే గాని నాకు గుండె దడదడలాడుచుండెను. పుస్తకములో చదివిన దానిని రెండు ప్రాణములమీద నిలిపినట్లుండెను.

మేము దూరముగా చింతచెట్టు క్రింద కూర్చుంటిమి. గంట గడచెను. ఎండ ముదిరెను. గౌడన్న మాటాడక చుట్ట కాల్చుచుండెను. మధ్యాహ్నము దాటిన పిదప పెద్దపక్షి యొకటి తీగెమీదికి వచ్చి వ్రాలెను. దాని నోట మిడుత. చాలసేపు అటునిటు చూచి, ఎగిరిపోయెను, మరల వచ్చెను. మూడవమారు క్రొత్త తొఱ్ఱ యంచుమీద వ్రాలి, లోనికి తల వంచి, ఖాళీముక్కుతో బయటికి వచ్చెను.

"పెట్టింది సారూ" అని బాలుడు గుసగుసలాడెను.

తరువాత పదునెనిమిది దినములు ఆ త్రోవనే బడికి పోయితిని. పందొమ్మిదవ నాడు తొఱ్ఱ నుండి కూత వినబడలేదు. గౌడన్న ఎక్కి చూచి, లోపల పురుగుల రెక్కలు, గ్రుడ్డుపెంకులు తప్ప నేమియు లేదనెను. పిల్లలు ఎగిరిపోయెనో మఱేమైనదో చూచినవారు లేరు. ఆ యేటి దసరాకు జమ్మి త్రోవలో పంజరము పట్టుకొన్న మనుష్యుడు మరల నిలిచియుండెను. అటవీశాఖవారికి కబురుచేసి, పిల్లలను వెంటబెట్టుకొని నేను చేల గట్లమీదికి పోయితిని.