పట్నంలో ట్రాంబండి

మా మెట్ట ప్రాంతంలో 'పట్నం' అంటే నెల్లూరు కాదు. నెల్లూరు నెల్లూరే. పట్నం అంటే చెన్నపట్నం. ఉదయగిరిలోగానీ ఆత్మకూరులోగానీ పాతకాలం వాళ్లను కదిలించి చూడండి, "పట్నం పోయినప్పుడు" అంటూనే మొదలెడతారు. పెళ్లిచీరలకు పట్నం, పెద్ద జబ్బుకు పట్నం, హైకోర్టు అప్పీలుకు పట్నం. వెళ్లడం మాత్రం సుళువు కాదు. ఉదయగిరికి రైలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బండి కట్టుకునో బస్సెక్కో నెల్లూరు చేరి, అక్కడ రైలు పట్టుకోవాలి. అంత ప్రయాసపడి పోయొచ్చినవాళ్లు ఇంటికొచ్చి చెప్పే కబుర్లలో మొదటిది సముద్రం, రెండోది ట్రాంబండి.

సముద్రం ఎక్కడికీ పోలేదు. పోయింది ట్రాంబండే. అందుకని దాని సంగతి చెప్పుకుందాం.

1895 మే 7న మద్రాసు వీధుల్లో కరెంటు ట్రాము కదిలింది. దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాము అదే. కలకత్తాలో 1873లోనే ట్రాము వచ్చింది గానీ దాన్ని లాగింది గుర్రాలు. అక్కడ కరెంటు ట్రాములు 1902లో, బొంబాయిలో 1907లో వచ్చాయి. అంతెందుకు, దొరలుండే లండనులో కూడా అవి తిరగడం మొదలైంది 1901లో! మన ఇళ్లలో ఆముదం దీపాలు వెలుగుతున్న రోజుల్లో చెన్నపట్నంలో జనాన్ని మోసే బండి కరెంటు మీద నడిచిందంటే, చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టడంలో వింతేముంది?

మొదట్లో తీగ పైన లేదు. పట్టాల నడుమ నేలలో సన్నటి చీలిక తీసి, దాని కింద కాలవలాంటి దానిలో కరెంటు పారించారు. పైన తీగల గోల లేకుండా వీధి అందంగా ఉంటుందని కాబోలు. మద్రాసు వానల సంగతి ఆ ఇంజనీర్లకు ఎవరూ చెప్పలేదో ఏమో! వంటింటి తూము పూడుకుంటే ఏమవుతుందో మనలో ఎవరినడిగినా చెప్పేవాళ్లం. ఐప్పసి వానలకు ఆ కాలవలు నీళ్లతో నిండి పని పాడైపోయేది. చివరికి దాన్ని వదిలేసి, స్తంభాలు నాటి పైన తీగలు కట్టారు. 1904లో కంపెనీ కూడా కొత్తగా ఏర్పడింది. ఆ తర్వాత బండి నిలదొక్కుకుంది. 1921 నాటికి 24 కిలోమీటర్ల దారిలో 97 ట్రాములు తిరిగేవి. అదీ దాని మహర్దశ.

మా అవ్వ కొత్త కోడలుగా పట్నం పోయి, ట్రాము ఎక్కిన మనిషి. "డ్రైవరు నిలబడే తోలతాడు పాపా, కాలితో గంట కొడతాడు, ఠంగు ఠంగుమని. వీధంతా పక్కకు తప్పుకోవాల్సిందే" అనేది. ఆవిడకు నచ్చిన సంగతి వేరే ఉంది. జట్కా ఎక్కాలంటే బేరమాడాలి. బేరమాడాలంటే పక్కన మగమనిషి ఉండాలి. ట్రాములో ఆ బెడద లేదు. టిక్కెట్టు ధర ఒక్కటే, దారి ఒక్కటే, పట్టాలు దాటి అది ఏ సందులోకీ తిప్పుకుపోదు. మొగుడు ఆఫీసుకు పోయాక వదినా మరదళ్లిద్దరే గుడికి వెళ్లి, ఆయన వచ్చేలోగా ఇల్లు చేరారట. మనకిది ఏపాటి? ఆ రోజుల్లో ఇంటి కోడలికి అది చిన్న స్వాతంత్ర్యం కాదు. ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చినవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ట్రాంబండి పేరు మాత్రం ఆ జాబితాలో ఎవరూ రాయలేదు.

తెలుగు ఆడవాళ్ల చదువూ రాతా కూడా ఆ పట్నంలోనే చిగురేశాయి మరి. కేసరిగారు 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టిందీ, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగిందీ అక్కడే. మన నెల్లూరు సీమ వావిళ్లవారి అచ్చుకూటమూ అక్కడే.

ఇక దిగజారడం. దానికి ఒకరోజూ ఒక కారణమూ లేవు. బస్సులొచ్చాయి. బస్సుకు పట్టాలక్కర్లేదు, ఎద్దుబండి అడ్డం వస్తే చుట్టు తిరిగి పోతుంది. ట్రాము ముందు ఏది ఆగినా, దాని వెనక ట్రాములన్నీ ఆగాల్సిందే. పట్టాలు, తీగలు, స్తంభాలు అన్నీ కంపెనీ ఖర్చు. బస్సు నడిచే రోడ్డేమో ఊరందరిదీ. 1947లో ప్రభుత్వమే బస్సులు నడపడం మొదలెట్టాక పోటీ ఇంకా పెరిగింది. 1950 ప్రాంతానికి కంపెనీ దివాళా స్థితికొచ్చింది. 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి. యాభై ఎనిమిదేళ్లకు నెల తక్కువ.

బొంబాయివాళ్లు మధ్యేమార్గం ఒకటి చూశారు, ట్రాలీబస్సు. పైన కరెంటు తీగలుంటాయి, కింద పట్టాలుండవు, రబ్బరు చక్రాలే. 1962లో మొదలై 1971లో అదీ ముగిసింది. తొమ్మిదేళ్ల ముచ్చట.

ఆ 1953 మనవాళ్లకు మరచిపోలేని ఏడాది. అంతకు నాలుగు నెలల ముందు, 1952 డిసెంబరు 15న, అదే మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరులోనూ దీక్ష చేసిన మనిషి ఆయన. ట్రాములు ఆగిన ఆరు నెలలకు, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. "మద్రాసు మనదే" అని అరిచినవాళ్ల గొంతులు అరుచుకుపోవడమే మిగిలింది. మా ఉదయగిరి వాళ్లకు కాగితాల మీద పట్నం పరాయిదైపోయింది. చీరలకు మాత్రం పోతూనే ఉన్నారు!

ఇప్పుడు దేశంలో ట్రాము మిగిలిన ఊరు కలకత్తా ఒక్కటే. అక్కడా ఒక్క దారి తప్ప మిగతావన్నీ ఆపేస్తామని 2024లో ప్రభుత్వం చెప్పింది. మద్రాసులో వేపేరి వైపు ట్రాం షెడ్డు ఉండిన స్థలాన్ని తర్వాత పెరియారు కొన్నారు. ఇప్పుడు దాన్ని పెరియార్ తిడల్ అంటారు, అక్కడ సభలు జరుగుతుంటాయి.