పెనం మీద హిరోషిమా

హిరోషిమా అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. 1945 ఆగస్టు 6, పొద్దున్న ఎనిమిదింపావు. కానీ జపానులోనే వేరే ఊరివాళ్ళను అడిగి చూడండి, ఆ మాట అయ్యాక రెండోమాటగా అట్టు సంగతి ఎత్తుతారు. అట్టంటే మన మినపట్టు కాదు లెండి. దాని పేరు ఒకోనొమియాకి. 'ఒకోనొమి' అంటే మీకేది ఇష్టమైతే అది. 'యాకి' అంటే కాల్చినది. మీ ఇష్టం వచ్చినట్టు కాల్చుకున్న అట్టన్నమాట.

ఈ అట్టు గురించి ఒసాకాకీ హిరోషిమాకీ ఎప్పుడూ ఒక ముద్దుపేచీ ఉంది. ఒసాకావాళ్ళు తరిగిన కాబేజీ, గుడ్డు అన్నీ పిండిలోనే కలిపేసి దిబ్బరొట్టెలా మందంగా పోస్తారు. హిరోషిమావాళ్ళు కలపరు, పేరుస్తారు. పైగా బయటివాళ్ళు దాన్ని 'హిరోషిమా అట్టు' అంటే వాళ్ళకు చిర్రెత్తుకొస్తుంది. అసలైన ఒకోనొమియాకి మాదే, దానికి మళ్ళీ ఊరి పేరు తగిలించడమేమిటంటారు. పెసరట్టు విషయంలో మనమూ ఇలాగే అంటాం కనుక వాళ్ళను తప్పుపట్టలేం.

యుద్ధానికి ముందు ఇది పిల్లల చిరుతిండి. గోధుమపిండిని పల్చగా పెనం మీద పోసి, కాసిని ఉల్లికాడలు చల్లి, సాసు రాసి, మడతపెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. ఒక సెన్ను పెడితే ఒకటి. సెన్ను అంటే యెన్నులో నూరోవంతు. సాసు రాశారు గనక అది దొరలతిండి కింద లెక్క. అందుకే దాన్ని 'కానీ దొరలతిండి' అని అర్థం వచ్చేలా ఇస్సెన్ యోషొకు అనేవారు. బడి వదలగానే పిల్లలు మూగే బండి మీద దొరికే సరుకు, అంతే. పెద్దవాళ్ళు దాన్ని భోజనమని ఎన్నడూ అనుకోలేదు.

ఆ తర్వాత బాంబు పడింది. ఆ సంవత్సరం ఆఖరుకు చనిపోయినవాళ్ళు సుమారు 1,40,000 మంది. దానికి తోడు హిరోషిమా సైనికుల ఊరు. అక్కడినుంచి యుద్ధానికి వెళ్ళిన మగవాళ్ళలో తిరిగిరానివాళ్ళు ఎందరో. మిగిలింది ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ. బియ్యం లేవు. అమెరికా సాయం కింద వచ్చిన గోధుమపిండి ఉంది. (మన ఇళ్ళలోనూ 1960లలో రేషను షాపు ముందు నిలబడి అమెరికా గోధుమలు తెచ్చుకున్నవాళ్ళకు, అలవాటులేని ధాన్యంతో పొయ్యి దగ్గర ఎన్ని తంటాలు పడాలో వేరే చెప్పనక్కరలేదు.) ఓడలు కట్టే ప్రాంతం కనుక ఇనపరేకులకు కొదవలేదంటారు. పిండి ఉంది, రేకు ఉంది, ఆకలి ఉంది. పిల్లల చిరుతిండి పెద్దల భోజనమయింది అప్పుడే.

నాకు ఇందులో అన్నిటికన్నా పెద్ద విషయంగా తోచేది, ఆ పెనం ఎక్కడ పెట్టారన్నది. భర్త పోయిన స్త్రీలు చాలామంది ఇంటి ముందుగదిని వీధివైపు తెరిచి, అక్కడే రేకు వేడిచేసి, అట్లు పోయడం మొదలుపెట్టారు. ఉద్యోగానికి వెళ్ళాలంటే పిల్లల్ని ఎక్కడ వదలాలి? చదువెక్కడిది? వ్యాపారమంటే పెట్టుబడేది? ఇదైతే వెనకగదిలో పసివాడు పడుకుని ఉంటాడు, ముందుగదిలో తల్లి అట్లకాడ తిప్పుతుంటుంది. ఇరుగుపొరుగువాళ్ళు తమ ఇంట్లోంచి గుడ్డు తెచ్చి ఇచ్చి, దాన్ని తమ అట్టు మీద వేయించుకునేవారట. దానివల్ల అట్టు ధర తగ్గేది.

ఆ దుకాణాల పేర్లు చూడండి. చాలావాటి చివర 'చాన్' అని ఉంటుంది. మనం పిల్లల్ని 'బుజ్జీ', 'అమ్మడూ' అని పిలిచినట్టు వాళ్ళు పేరు చివర 'చాన్' తగిలిస్తారు. తల్లి తన పేరో, బిడ్డ పేరో బోర్డు మీద రాయించుకునేది. ఇల్లు బూడిదైపోయింది, వీధి ఆనవాలు లేదు. యుద్ధంనుంచి ఎవరైనా తిరిగొస్తే ఎలా వెతుక్కుంటారు? ముద్దుపేరు చూసి గుర్తుపడతారని అలా పెట్టారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. అన్ని దుకాణాల కథా ఇదే కాదు. ఊరికి పేరు తెచ్చిన 'మిచ్చాన్' మగమనిషి ముద్దుపేరు. అయినా వీధివీధినా పెనం పెట్టి ఈ అట్టును ఊరి భోజనం చేసింది మాత్రం బోర్డు మీద తప్ప మరెక్కడా పేరు రాయించుకోని ఆ స్త్రీలే.

ఆకలిని బట్టి అట్టు పెరుగుతూ వచ్చింది. ఉల్లికాడలు ఖరీదు గనక వాటి బదులు కాబేజీ వచ్చింది. కాబేజీ కడుపు నింపుతుంది, ఏడాది పొడుగునా దొరుకుతుంది. 1950లలో నూడుల్సు చేరాయి, ఆ తర్వాత మాంసం, గుడ్డు. అంటే ఇప్పుడు మన ముందు పెట్టే అట్టును అడుగునుంచి పైదాకా చూస్తే ఆ ఊరు కోలుకున్న క్రమం కనిపిస్తుంది.

చేసే విధానం చూస్తే మన చేతులు ఊరుకోవు. ముందు నీళ్ళ పిండిని గరిటెతో గుండ్రంగా, అట్టుకన్న పల్చగా తిప్పుతారు. దాని మీద ఎండుచేప పొడి చల్లుతారు. ఆపైన రెండు గుప్పిళ్ళకు తక్కువ కాకుండా సన్నగా తరిగిన కాబేజీ గుట్టగా పోస్తారు. మొలకలు, కరకరలాడే పిండిపలుకులు, పైన పందిమాంసం పల్చటి ముక్కలు. అప్పుడు రెండు చేతులా రెండు అట్లకాడలు పట్టుకుని ఒక్క విసురున తిరగేస్తారు. చూసేవాళ్ళకు గుండె ఆగుతుంది గాని ఒక్క కాబేజీ పోగు చెదరదు. ఇప్పుడు పల్చటి అట్టు మూతలా పైకొచ్చింది, దాని కింద కాబేజీ తన ఆవిరికి తానే మగ్గుతుంది. పక్కనే నూడుల్సు వేయించి, ఈ గుట్టను దాని మీదకు ఎక్కిస్తారు. చివరికి గుడ్డు కొట్టి పెనం మీద గుండ్రంగా పరిచి, మొత్తాన్నీ దాని మీద కూర్చోబెట్టి మళ్ళీ తిరగేస్తారు. మనం పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటాం చూడండి, అట్టులో ఇంకో టిఫిను పెట్టే ఆలోచన వాళ్ళకూ వచ్చిందన్నమాట. కంచం అక్కర్లేదు. పెనం ముందే కూర్చుని చిన్న అట్లకాడతో కోసుకుని తినడమే.

పైన రాసే సాసుకు వేరే కథ ఉంది. 1922లో హిరోషిమాలో సోయాసాసు, సారా అమ్మే చిన్న దుకాణం ఒకటి పెట్టారు. బాంబుకు అది కాలిపోయింది. మరుసటి ఏడు వాళ్ళు వెనిగరుతో మళ్ళీ మొదలుపెట్టారు. విలాయతీ సాసు నీళ్ళలా జారి పెనం మీద పడిపోతోందని అట్లబండ్ల వాళ్ళు గొణిగితే, 1952లో అట్టు మీద నిలిచే చిక్కటి సాసు తయారుచేశారు. దాని తీపిలో ఇప్పుడు ఖర్జూరప్పండు కూడా ఉంది. సీసా మీద ఉండే పేరు 'ఒతాఫుకు'. బుగ్గలు పొంగిన, నవ్వుముఖం స్త్రీ అని దానర్థం.

ఊరి మధ్య షింటెంచి అనే చోట బళ్ళు పెట్టుకున్నవాళ్ళను 1960ల మధ్యలో ఒక భవనంలోకి మార్చారు. దానిపేరు ఒకోనొమిమురా, అంటే అట్ల పల్లె. ఇప్పుడు మూడు అంతస్తుల్లో ఇరవైకి పైగా పెనాలు ఒకేసారి మండుతుంటాయి. నీచు ముట్టనివాళ్ళు ముందే చెప్పాలి. మాంసం ఒక్కటి వద్దంటే చాలదు, చేపపొడీ ఉంది, సాసులో ఏమేం కలిపారో కూడా అడగాలి.

అట్టు తిన్నాక ఊరు చూడాలంటే ట్రామెక్కాలి. అందులోనూ మన చెవిన వేసుకోదగిన సంగతి ఉంది. యుద్ధంలో మగవాళ్ళు వెళ్ళిపోతే ట్రాములు నడిపేవాళ్ళు లేక, 1943లో కంపెనీ ఆడపిల్లల బడి ఒకటి పెట్టింది. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు సగం రోజు చదువుకుని సగం రోజు ట్రాములు నడిపారు, టిక్కెట్లు కొట్టారు. సుమారు మూడువందల మంది. వాళ్ళలో దాదాపు ముప్పై మందిని బాంబు మింగింది. మూడోరోజున, ఆగస్టు 9న, ఊళ్ళో ఒక ముక్కమేర ట్రాము మళ్ళీ నడిస్తే అందులో టిక్కెట్లిచ్చింది ఆ పిల్లలే. యుద్ధం అయిపోయి మగవాళ్ళు తిరిగొచ్చారు. సెప్టెంబరులో బడి మూసేసి పిల్లల్ని ఇళ్ళకు పొమ్మన్నారు. అట్లకాడ పట్టుకున్నవాళ్ళ దగ్గరనుంచి దాన్ని లాక్కోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

బాంబు గోపురం దగ్గర ట్రాము దిగుతాం. 1915లో చెక్ వాస్తుశిల్పి యాన్ లెట్‌సెల్ కట్టిన ప్రదర్శనశాల అది. బాంబు పేలిన చోటికి 160 మీటర్ల దూరంలో ఉన్నా గోడలు కొన్ని నిలిచాయి. నెహ్రూగారు 1957 అక్టోబరులో ఈ ఊరు వచ్చారు. 2023 మే నెలలో ఆ నది ఒడ్డున గాంధీగారి విగ్రహం పెట్టారు. పక్కనే మ్యూజియంలో ఒక టిఫిను డబ్బా ఉంది. బడిపిల్లవాడిది. మూత కింద అన్నం మాడి బొగ్గయింది. కొడుకు శవం కింద దొరికిన ఆ డబ్బాను చూసి తల్లి బిడ్డను గుర్తుపట్టింది. పొద్దున్న కట్టి ఇచ్చింది ఆవిడే మరి. ఆ గది దాటి త్వరగా బయటపడాలనిపిస్తుంది.

బయటపడి మళ్ళీ ట్రాములో సముద్రందాకా వెళ్ళి, పదినిమిషాలు ఓడలో పోతే మియాజిమా దీవి. నీళ్ళలో నిలబడ్డ ఎర్రతోరణం ఫొటో చూడనివారుండరు. ఇప్పటి తోరణం 1875 నాటిది, పదహారు మీటర్ల పైచిలుకు ఎత్తు. దీవి అంతా పవిత్రమని పూర్వం అక్కడ పుట్టుకకూ చావుకూ కూడా చోటుండేది కాదు. నెలలు నిండిన స్త్రీని ఓడెక్కించి అవతలి ఒడ్డుకు పంపేవారు.

ఆ దీవి బజారులో కొనుక్కోవలసిన వస్తువు అన్నం వడ్డించే చెక్కగరిటె. రెండువందల ఏళ్ళ కిందట ఒక సన్యాసి కలలో బెంజాయితెన్ దేవి వీణను చూసి, ఆ ఆకారంలో గరిటె చెక్కడం దీవివాళ్ళకు నేర్పాడని చెబుతారు. బెంజాయితెన్ మరెవరో కాదు, మన సరస్వతే, బౌద్ధంతో సముద్రం దాటి వెళ్ళింది. 'అన్నం తోడుకోవడం' అన్నమాట జపానులో 'శత్రువును పట్టుకోవడం' అన్నట్టు కూడా వినిపిస్తుందట. అందుకని యుద్ధానికి వెళ్ళే సైనికులు ఈ గరిటెలు గుడికి సమర్పించి మరీ వెళ్ళేవారు.

యుద్ధం అయ్యాక 1948లో టోక్యోలో ఇల్లాళ్ళు, రేషనులో ఇచ్చిన అగ్గిపుల్లలు వెలగడం లేదని సభ పెట్టి, ఆపైన సంఘం కట్టుకున్నారు. మన బొంబాయి ఆడవాళ్ళు 1970లలో ధరల మీద అప్పడాల కర్రలు పట్టుకుని వీధిన పడ్డారు చూడండి, అలాగే వీళ్ళూ ఒక వంటింటి సామానును జెండాలా పైకెత్తి ఊరేగింపులకు వెళ్ళారు. మనిషంత ఎత్తు అన్నం గరిటె అది.